సిద్ధాంత గ్రంథం కట్టించుకున్న అంగడి: అనంతపురంలో ఒక డీటీపీ కేంద్రం పనితీరు

అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక మందుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఉన్న డీటీపీ, జిరాక్సు కేంద్రంలో నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని టైపు చేయించి, దిద్దించి, అచ్చు తీయించి, బైండింగు చేయించుకున్నాను. చేతిరాత కట్ట ఇచ్చిన రోజు నుంచి గిల్టు అక్షరాల అట్టతో ఆరు ప్రతులు చేతికి వచ్చే వరకు పదకొండు వారాలు పట్టింది. ఆ అంగడి పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ మెచ్చుకోవలసిన పని ఎంత జరుగుతుందో, అభ్యంతరం చెప్పవలసిన పనీ అంతే జరుగుతుంది. ఆ రెండో రకం పని ఈ ఒక్క చోటనే జరుగుతుందని అనుకోవడానికీ లేదు. కొత్తగా పరిశోధనలో చేరినవారు ఇలాంటి కేంద్రానికి ఏ పని అప్పగించవచ్చో, ఏ పని అప్పగించకూడదో తెలుసుకోవడానికి నా అనుభవం పనికి రావచ్చు.

నా అంశం అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించే కుటుంబాల్లో మొబైల్ ఫోన్ వాడకం. కాయల ధర ఎవరు కనుక్కుంటారు, వాన కబురు ఎవరు చూస్తారు, బోరు మోటారుకు తగిలించిన మొబైల్ స్టార్టరుకు అర్ధరాత్రి లేచి ఫోను కొట్టేది ఎవరు, ఇంట్లో ఆడవాళ్ల చేతికి ఆ ఫోను ఎప్పుడు వస్తుంది అన్నవి నేను అడిగిన ప్రశ్నలు. గ్రంథం తెలుగులో ఉంది. అందులో మూడు రకాల భాష కలిసి ఉంది: పుస్తక భాష, ఊళ్లలో జనం చెప్పిన మాటలు, సాంకేతిక పదాలు. ఈ మూడింటినీ పాడుచేయకుండా టైపు చేయగలవారు దొరకడం అనుకున్నంత తేలిక కాదు.

ఆ అంగడిలో తెలుగు టైపు చేసే ఆమె కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి వచ్చినామె. ఆమె చేసిన పని గురించి ముందుగా చెప్పాలి. ఒక ఇంట్లో, సొంత ఫోను ఉందా అని అడిగినప్పుడు ఆ ఇంటి ఇల్లాలు "ఫోనుండాది సార్, గానీ ఆయప్ప జేబులో ఉంటాది" అని చెప్పింది. నా చేతిరాతలో ఈ వాక్యం ఉన్నది ఉన్నట్టే ఉంది. గతంలో వేరొక చోట ఇచ్చినప్పుడు ఇది "ఫోను ఉంది, కానీ ఆయన జేబులో ఉంటుంది" అయి వచ్చింది. టైపు చేసినవారు నా భాషను బాగుచేశామనుకున్నారు. ఈమె మాత్రం ఒక్క అక్షరం కదపలేదు. పైగా ఇంకో పేజీలో నేనే పొరపాటున "వేరుశనగ" అని రాసిన చోట, ఆ ముసలాయన "చెనిక్కాయలు" అనే అని ఉంటాడు కదా సార్ అని అడిగింది. నా రికార్డింగు తిరగేసి వింటే ఆయన అన్నది చెనిక్కాయలే. ఒక డీటీపీ కేంద్రం నుంచి ఇంతకంటే ఏం కోరగలం?

ఆ జేబు మాట నాకు ఎందుకంత ముఖ్యమో చెబుతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019–21 నాటిది, "తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్" ఉన్న 15–49 ఏళ్ల స్త్రీలు దేశం మొత్తం మీద 53.9 శాతమని, ఆంధ్రప్రదేశ్‌లో 48.9 శాతమని లెక్క తేల్చింది. ఆ "స్వయంగా" అన్న మాట దగ్గరే ఊళ్లో తిరకాసు వస్తుంది. ఫోను ఆమె పేరు మీద ఉంటుంది, డ్వాక్రా సంఘం సమాచారం దానికే వస్తుంది, పగలంతా అది పొలంలో ఇంకొకరి జేబులో ఉంటుంది. అవును, కాదు అన్న రెండు గడుల్లో ఈ జవాబును ఎక్కడ పెట్టాలన్న దాని మీదనే నా నాలుగో అధ్యాయం నడుస్తుంది. కనుక ఆ యాస గ్రంథానికి అలంకారం కాదు, అది నా సాక్ష్యం.

ఇక అక్షరాల సంగతి. నా మొదటి రెండు అధ్యాయాలు నాలుగేళ్ల కిందట అను ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరులో టైపు చేయించినవి. అను వంటి పాత ఫాంట్లు తెలుగు అక్షరం ఆకారాన్ని ఇంగ్లీషు అక్షరాల స్థానంలో కూర్చోబెడతాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో అది తెలుగులాగా కనిపిస్తుంది, లేని చోట అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపులాగా కనిపిస్తుంది. వెతికితే ఏ మాటా దొరకదు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేతాల పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు విడిగా 128 స్థానాలు కేటాయించి ఉన్నాయి కనుక ఏ యంత్రంలో తెరిచినా "క" అన్నది "క"గానే ఉంటుంది. పేజ్‌మేకర్ సంగతి చూస్తే 2001 నాటి 7.0 తర్వాత దానికి మరో పెద్ద విడుదల రాలేదు. అయినా పెళ్లిపత్రికల నుంచి కరపత్రాల వరకు మన ఊళ్ల అచ్చుపని చాలా భాగం ఇప్పటికీ దాని మీదే సాగుతోంది. అలవాటైన చేతికి అదే వేగం. సిద్ధాంత గ్రంథానికి మాత్రం ఆ దారి పనికిరాదు. గ్రంథం చివరికి చేరేది శోధ్‌గంగకు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఆ సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారంలో అను అక్షరాల పీడీఎఫ్ పెడితే అది బొమ్మతో సమానం: చదవవచ్చు, వెతకలేము.

పాత అధ్యాయాలను యూనికోడ్‌లోకి మార్చడానికి పేజీకి ఎనిమిది రూపాయలు, చేతిరాత నుంచి కొత్తగా టైపు చేయడానికి పేజీకి ముప్పై అయిదు రూపాయలు తీసుకున్నారు. మార్పిడి చేసే సాఫ్ట్‌వేరు చాలా మటుకు సరిగానే మార్చింది గానీ, నా అంశం మొబైల్ ఫోన్లు కావడం వల్ల ఒక విచిత్రమైన చిక్కు వచ్చింది. "వాట్సాప్‌లో", "ఫోన్‌కు", "సెల్‌ఫోన్" వంటి మాటల్లో పొల్లు హల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి. అది లేకపోతే పక్క అక్షరం వత్తుగా మారి "వాట్సాప్లో", "ఫోన్కు", "సెల్ఫోన్" అయిపోతాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక కవిత్వం మీదనో చరిత్ర మీదనో రాసిన గ్రంథంలో ఈ తప్పు పేజీకి ఒకటో రెండో ఉంటుంది. నా గ్రంథంలో పేజీకి ఇరవై ఉన్నాయి. ఆమె ఓపికగా అలాంటి మాటలన్నిటికీ ఒక జాబితా రాసుకుని, ఒక్కొక్కటే వెతికి మార్చింది. ఈ పనికి అదనంగా ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి, ఇవ్వడం న్యాయం కూడా.

పూర్వ పరిశోధనల అధ్యాయం దగ్గర ఆమె నన్ను ఆపి, ఈ "సార్డీన్" ఏమిటి సార్ అని అడిగింది. మొబైల్ ఫోన్ల మీద ఆర్థిక పరిశోధన గురించి ఎవరు రాసినా రాబర్ట్ జెన్సన్ 2007లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రచురించిన వ్యాసాన్ని దాటి పోలేరు. 1997 నుంచి 2001 లోగా ఉత్తర కేరళ తీరానికి మొబైల్ సేవ దశలవారీగా వచ్చినప్పుడు, సార్డీన్ చేపలు పట్టే జాలరులు సముద్రంలో ఉండగానే ఏ రేవులో ధర ఉందో ఫోను చేసి కనుక్కోవడం మొదలుపెట్టారు. రేవుకూ రేవుకూ మధ్య ధరల తేడా బాగా తగ్గింది, కొనేవాళ్లు లేక చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది, జాలరుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. ఆరేళ్లకు, 2013లో, జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అదే తీరానికి వెళ్లి, జాలరికి అప్పు ఇచ్చినవారితో, వేలం వేసేవారితో ఉన్న సంబంధాలను లెక్కలోకి తీసుకుంటే కథ అంత సూటిగా లేదని చూపారు. వేరుశనగ రైతుకు ఇది ఎంత దగ్గరి విషయమో మా జిల్లా వారికి చెప్పనక్కరలేదు: కర్నూలు మార్కెట్ ధర ఫోనులో తెలిసినంత మాత్రాన, విత్తనానికి అప్పు ఇచ్చిన వ్యాపారిని కాదని కాయలు అక్కడికి ఎవరు తోలుకుపోతారు? సార్డీన్లను కోస్తాలో కవళ్లు అంటారని చెప్పాను. ఆమె ఆ మాటను కుండలీకరణం లేకుండా నేరుగా పెట్టమంది. అలాగే పెట్టాను.

ఇంతవరకు మెప్పు. ఇక లెక్కల పని గురించి. నా దగ్గర 240 ప్రశ్నావళులు ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించడానికి ఒక్కొక్కదానికి పన్నెండు రూపాయల చొప్పున మాట్లాడుకుని, అదే అంగడిలో ఇంకొక అబ్బాయికి ఇచ్చాను. వారం రోజుల్లో ఎక్సెల్ ఫైలు వచ్చింది, ఎస్‌పీఎస్ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేరులో తీసిన పట్టికలు కూడా వచ్చాయి, దశాంశ స్థానాలు నాలుగేసి ఉన్నాయి. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉంది. నా నోటు పుస్తకంలో చేత్తో వేసుకున్న గీతల లెక్కతో పోల్చి చూస్తే, "సొంత ఫోను లేదు" అన్న ఆడవాళ్ల సంఖ్య ఫైలులో ముప్పై ఒకటి ఎక్కువగా ఉంది. జవాబు రాయకుండా ఖాళీగా ఉన్న గడులన్నిటినీ అతను సున్నాగా కొట్టాడు. సున్నా అంటే నా సంకేతపట్టికలో "లేదు". జవాబు చెప్పని మనిషి వేరు, లేదని చెప్పిన మనిషి వేరు. నా ముప్పై ఒక్క మందిలో చాలామంది, అత్తగారో భర్తో పక్కనే కూర్చుని ఉన్నందువల్ల ఆ ప్రశ్న దగ్గర నవ్వి ఊరుకున్నవారు. ఆ మౌనానికి 99 అని వేరే సంకేతం ఇవ్వాలని నేను చెప్పి ఉండవలసింది. చెప్పలేదు, సగం తప్పు నాది. మళ్లీ ఎక్కించమంటే విసుక్కోకుండా చేశాడు, సగం డబ్బే తీసుకున్నాడు. అయితే ఆ సందర్భంలోనే, అసలు నింపని కాగితాలు పద్దెనిమిది మిగిలాయని తెలిసి, "మీరు శాతం చెప్పండి సార్, దానికి తగ్గట్టు నేనే నింపేస్తా" అన్నాడు. అతని గొంతులో ఏ దాపరికమూ లేదు. పెళ్లిపత్రికలో గోత్రం ఖాళీ ఉంటే అడిగినట్టే అడిగాడు. ఇదివరకు ఎవరో ఒకరు అలా చేయించుకుని ఉంటారు కనుకనే అతనికి అది మామూలు సేవ అయింది. వద్దన్నాను, గ్రంథంలో నమూనా సంఖ్యను 222గా రాశాను.

అంగడి గోడ మీద ఉన్న ధరల పట్టికలో "పర్సెంటేజీ తగ్గించబడును" అని ఒక వరుస ఉంది. బయటి మనిషికి అది వడ్డీ గురించి అనిపించవచ్చు. అది పోలిక శాతం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య ఉండదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, ఆధార గ్రంథాల పట్టిక, ముందుమాట, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన విషయాలు, కాకతాళీయంగా కలిసిన పదాలు అయితే వరుసగా 14 మాటల వరకు మినహాయింపు ఉంది. (ఈ 14 మాటల లెక్క ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని వేసినదని నా అనుమానం. "వెళ్లలేకపోయినందువల్లనే" అన్నది మనకు ఒక మాట. తెలుగులో వరుసగా పద్నాలుగు మాటలు కలిశాయంటే అది కాకతాళీయం అనడానికి గట్టి గుండె కావాలి.)

ఆ సేవ ఎలా ఉంటుందో చూద్దామని నా మూడో అధ్యాయంలో రెండు పేజీలు నమూనాకు ఇచ్చాను. మరునాడు వచ్చిన కాగితాల్లో "మిస్‌డ్ కాల్" కాస్తా "తప్పిపోయిన పిలుపు" అయింది, "సెల్ టవర్" అయితే "కణ గోపురం" అయింది. వారు చేసేది ఇంతే: తెలుగును యంత్రంతో ఇంగ్లీషులోకి, ఇంగ్లీషును మళ్లీ తెలుగులోకి మార్పించి, మాటలు వేరయ్యాయి కనుక పోలిక తగ్గిందంటారు. ఆ రెండు పేజీలు జోనథన్ డానర్ రువాండాలో చేసిన పరిశీలన ఆధారంగా 2007లో ప్రచురించిన వ్యాసం గురించినవి. మిస్‌డ్ కాల్ మూడు రకాలని ఆయన చెప్పాడు: తిరిగి చేయమని అడిగేది, ముందే అనుకున్న సంకేతాన్ని అందించేది, ఊరికే గుర్తొచ్చావని చెప్పేది. మా పల్లెల్లో రెండో రకం ఎంత ఉందో, బస్సు ఊరి దగ్గరికి వచ్చిందంటే ఒక రింగు, కరెంటు వచ్చిందంటే రెండు రింగులు అని పెట్టుకున్న ఏర్పాట్ల గురించి నేను పేజీన్నర రాశాను. "తప్పిపోయిన పిలుపు" అన్నాక అందులో ఏం మిగిలింది? మిస్‌డ్ కాల్ ఎవరి నుంచీ తప్పిపోదు, కావాలని ఇచ్చేది. ఆ మాట పోతే ఆ వ్యాసం మీద చర్చే పోతుంది. పోలిక శాతం ఎక్కువ వచ్చినవారు చేయవలసింది మూలాన్ని మళ్లీ చదివి తమ మాటల్లో రాయడం, లేదా ఉటంకింపు గుర్తులు పెట్టి పేరు చెప్పడం. ఆ పని అంగడిలో దొరకదు.

ఈమధ్య అదే గోడ మీద "ఏఐ ద్వారా చాప్టర్లు" అని కొత్త కాగితం అంటించారు. యజమాని ఉత్సాహంగా ఒక నమూనా చూపించాడు. అందులో జెన్సన్ తమిళనాడులో రొయ్యల మీద పరిశోధన చేసినట్టు ఉంది. కింద ఇచ్చిన అయిదు ఆధారాల్లో రెండు వ్యాసాలు ఎక్కడ వెతికినా కనబడలేదు. పత్రిక పేరు నిజం, సంపుటి సంఖ్య నమ్మేలా ఉంది, వ్యాసం మాత్రం లేదు. యజమానికి ఇది చెప్పినప్పుడు ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు గానీ, కాగితం తీసేయలేదు.

వ్యాసాలు ప్రచురించి ఇస్తామన్న వరుస గురించి ఒక్క మాట చాలు. యూజీసీ 2016 పీహెచ్‌డీ నిబంధనల్లో గ్రంథం సమర్పించే ముందు ఒక వ్యాసం ప్రచురించి ఉండాలన్న షరతు ఉండేది. 2022 నవంబరులో వచ్చిన నిబంధనల్లో ఆ షరతు లేదు. తమ విశ్వవిద్యాలయం ఇప్పుడు ఏం అడుగుతోందో కనుక్కోకుండా ఆ వరుసకు డబ్బు కట్టకండి. అలాగే ఇంగ్లీషు వ్యాసాలు దించి ఇవ్వడానికి ఒక్కొక్కదానికి యాభై రూపాయలు తీసుకుంటున్నారు. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకం కింద 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో చదువుకునేవారికి 2025 జనవరి నుంచి అందుబాటులోకి వచ్చాయి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, జేఎన్‌టీయూలోనో, కడపలో యోగి వేమనలోనో రిజిస్టరైనవారు ముందు తమ గ్రంథాలయంలో అడగాలి. ప్రైవేటు కళాశాలలో మాత్రమే ఉన్నవారికి ఆ వసతి లేదు, వారికి ఆ యాభై రూపాయలు ఎందుకు తప్పడం లేదో నాకు అర్థమవుతుంది.

అచ్చు, బైండింగు బాగున్నాయి. నలుపు పేజీకి రెండు రూపాయలు, అట్ట బైండింగుకు ప్రతికి 280. రెండు ప్రతుల్లో వీపు మీది పేరు తలకిందులుగా పడితే రెండు రోజుల్లో ఉచితంగా మార్చి ఇచ్చారు. శోధ్‌గంగకు కావలసిన విధంగా ముఖపత్రం, విషయసూచిక, అధ్యాయాలు విడివిడి పీడీఎఫ్‌లుగా చేసి, 01 నుంచి వరుస సంఖ్యలు వేసి, చివరి సిఫార్సుల ఫైలుకు 80 అన్న సంఖ్య పెట్టాలని వారికి నేను చెప్పకుండానే తెలుసు. ఈ విషయంలో వారికి నాకంటే ఎక్కువ తెలుసు.

చివరి బిల్లులో "పర్సెంటేజీ, 1,500" అని ఒక వరుస ఉంది. రెండు పేజీల నమూనాకు ఇంత ఏమిటని అడిగితే, అందరి బిల్లులోనూ వేస్తాం కదా, అలవాటుగా పడిపోయింది సార్ అని యజమాని గీత కొట్టేశాడు. బిల్లు చదవకుండా డబ్బు కట్టవద్దు. తెలుగు టైపు పని ఇచ్చేవారు ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు లోపల వెళ్లాలి. ఆమె ఉండేది ఆ నాలుగు గంటలే, ఆ తర్వాత వెళితే కాగితాలు పేజ్‌మేకర్ అబ్బాయి చేతికి పోతాయి.